మంచం కోళ్ళు, గడీ తలుపులు

పేరంటానికి పోయిన ఇంట్లో ఆడవాళ్ళం ముందు చీరలు చూస్తాం, తర్వాత వంటిల్లు చూస్తాం. నేను ఈ మధ్య కుర్చీల కింద చూస్తున్నాను. మొన్న మా ఆడబిడ్డ, "ఏం పడిపోయింది వదినా, కింద వెతుకుతున్నావు?" అని అడిగింది. ఏమీ పడిపోలేదు. వాళ్ళ డైనింగ్ టేబుల్ కాలు పైచెక్కకు ఎట్లా అతికిందో చూస్తున్నాను. మేకు కొట్టారా, స్క్రూ బిగించారా, కన్నం చేసి దించారా, ఇది తేలందే నాకు పాయసం రుచించదు.

రెండేళ్ళ కింద బాబు హాస్టలుకు పోయాక మధ్యాహ్నాలు పొడుగైపోయాయి. హన్మకొండలో మా ఇంటి వెనక వరండాలో ఒక పాత బల్ల, ఒక రంపం, రెండు ఉలులు, ఒక చిత్రిక పెట్టుకుని చెక్కపని మొదలుపెట్టాను. నేర్పుతున్నది మా వాడకట్టులోని ఒక పెద్ద వడ్లాయన. డెబ్బై దాటిన మనిషి. నేను పెద్దనాయినా అంటాను, ఆయన బిడ్డా అంటాడు. ఇప్పటిదాకా నాలుగు పీటలు, పోపుడబ్బాలకు ఒక గూడు, మా అత్తమ్మకు మందుల పెట్టె చేశాను. గొప్ప పనితనం అని ఎవరూ అనరు. అయినా ఆ నాలుగు పీటలు చేశాక ఇంట్లో ఉన్న ప్రతి చెక్క సామానూ నాతో మాట్లాడటం మొదలుపెట్టింది. అది చెప్పిన కథల్లో కొన్ని చరిత్ర పుస్తకాల్లోకి తీసుకుపోయాయి. ఆ సంగతులు రాద్దామనే ఇది.

ముందు ఒక మాట గురించి. బి.ఏ.లో తెలుగు చదివినవాళ్ళందరికీ "జీవితాన్ని చిత్రిక పట్టిన రచయిత" అనే వాక్యం కంఠతా వస్తుంది. పరీక్షల్లో ఎవరి గురించి అడిగినా రాయొచ్చు. చిత్రం అనే మాటకు దగ్గరగా ఉంది కాబట్టి బొమ్మ గీయడమని అర్థం చెప్పుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. చిత్రిక అంటే వడ్రంగి పనిముట్టు. చెక్క దిమ్మలో ఏటవాలుగా బిగించిన ఇనుప అలుగు. దాన్ని రెండు చేతులతో తోస్తే కొయ్య మీద నుంచి ఉల్లిపొర లాంటి చుట్ట లేస్తుంది. తోయగా తోయగా ఎత్తుపల్లాలు పోయి లోపలి నార కనపడుతుంది. అంటే చిత్రిక పట్టడంలో ఉన్నది పైన రంగు వేయడం కాదు, అడ్డమున్నది తీసేయడం. విమర్శకులు ఎంత మంచి మాట ఎంచుకున్నారో రెండు చుట్టలు తీశాకే తెలిసింది.

ఇట్లాంటి మాటలు వడ్లాయన నోట రోజుకు పది వస్తాయి. బాడిస, బరమా, తరిమెన, మూలమట్టం. మంచం కాలిని కోడు అంటారు, నాలుగుంటే కోళ్ళు. మా అన్న పిల్లలకు "మంచంకోళ్ళు" అంటే మంచం కింద పడుకునే కోళ్ళని అనుకుని ఒకటే నవ్వు. భద్రిరాజు కృష్ణమూర్తి గారు 1962లో మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటాన్ని వ్యవసాయ పదాలతో తెచ్చారు. ఊరూరా తిరిగి రైతుల నోటి మాటలను పోగుచేసిన పని అది. వ్యవసాయ పదాలంటే నాగలి, గుంటక, బండి కూడా కదా, అవన్నీ వడ్రంగి చేతి మీదుగా వచ్చినవే. నాగలి మూలపడినప్పుడే దాని భాగాల పేర్లు కూడా మూలపడ్డాయి. పుస్తకంలో మాత్రం ఉన్నాయి.

ఇక నులక మంచం. వాకిట్లో వేసే మామూలు మంచం అనుకుంటాం గానీ, నా లెక్కలో మన ఇళ్ళల్లో దానంత తెలివైన సామాను ఇంకోటి లేదు. నాలుగు కోళ్ళు, నాలుగు పట్టెలు, అంతే. మేకు లేదు, జిగురు లేదు. కోడు పైభాగంలో రెండు కన్నాలుంటాయి, ఒకటి పొడుగు పట్టెకు, ఒకటి అడ్డ పట్టెకు. పట్టె కొసను నాలుక లాగా సన్నగా చెక్కుతారు. దాన్నే కుసి అంటారు. కుసిని కన్నంలో దించుతారు. మరి ఊడిపోకుండా పట్టుకునేది ఏది? నులక. అల్లిన తాడు పట్టెలను నాలుగు వైపుల నుంచి లోపలికి గుంజుతుంది. గుంజినకొద్దీ కుసి కోడులోకి దిగుతుంది. పైన మనిషి పడుకుంటే తాడు ఇంకా బిగుస్తుంది, దాంతో కీలు కూడా బిగుస్తుంది. అంటే ఎంత వాడితే అంత గట్టిపడే సామాను. తాడు సాగితే కాళ్ళ వైపు వదిలిన ఖాళీలో ఉన్న తాడును గుంజి మళ్ళీ కడతారు. కోడు విరిగితే ఆ ఒక్క కోడు మార్చుకుంటారు. నులక చివికిపోతే కొత్తది అల్లుకుంటారు. మొత్తం మంచం పారేయాల్సిన రోజు రానే రాదు. ఇప్పుడు మనం కొనే మంచాల్లో ఒక్క మూల ఉబ్బితే మొత్తం బయట పెట్టాల్సిందే.

ఈ పనితనం ఎంత పాతదో తెలుసుకోవాలని వెతికితే కొయ్య సాక్ష్యం దొరకదు. మన ఎండకు, వానకు, చెదలకు రెండు వేల ఏళ్ళు నిలిచే కొయ్య ఏదీ లేదు. రాయి మాత్రం గుర్తుపెట్టుకుంది. కృష్ణ ఒడ్డున అమరావతి స్తూపం మీద సుమారు 1800 ఏళ్ళ కింద చెక్కిన పలకలున్నాయి. కొన్ని లండన్ బ్రిటిష్ మ్యూజియంలో, కొన్ని చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉన్నాయి. వాటి ఫొటోల్లో అందరూ బుద్ధుడి కథలు చూస్తారు, నేను సామాను చూశాను. మాయాదేవి కల కంటున్న మంచం, రాజులు కూర్చున్న ఆసనాలు, ఆడవాళ్ళు కూర్చున్న పేము మోడాలు. ఆ ఆసనాల కాళ్ళు గుండ్రంగా, మధ్యమధ్య గాట్లతో, ఉబ్బులతో ఉంటాయి. తరిమెన పట్టిన కొయ్యకు మాత్రమే వచ్చే ఆకారం అది. కొయ్యను తిప్పుతూ ఉలి ఆనిస్తే గాటు గుండ్రంగా తిరిగి మొదలైన చోటికే వస్తుంది. మా అమ్మమ్మ పట్టెమంచం కోళ్ళు కూడా అచ్చం అట్లాగే ఉండేవి.

వరంగల్లో ఉండి వేయిస్తంభాల గుడి గురించి రాయకపోతే ఇంటికొచ్చిన చుట్టానికి నీళ్ళివ్వనట్టే. కాకతి రుద్రదేవుడు 1163లో కట్టించిన ఈ గుడికి మేము చిన్నప్పటి నుంచి శివరాత్రికి పోతూనే ఉన్నాం. స్తంభాలు నున్నగా ఉంటాయనీ, మొహం కనపడుతుందనీ చెప్పుకోవడం తప్ప వాటి మధ్య అతుకులను ఎవరు చూస్తారు? ఈసారి అవే చూశాను. స్తంభం ఒక్క రాయి కాదు. పీట ఒకటి, నిలువు ఒకటి, పైన దిమ్మ ఒకటి, దాని మీద దూలం. చట్టం మీద చట్టం కూర్చోబెట్టే వడ్రంగి పద్ధతే అది. గుండ్రటి గాట్లు చూస్తే రాతిని కూడా తరిమెన పట్టారా అనిపిస్తుంది. సున్నం పోసి కరిపించిన కట్టడం కాదు కాబట్టే అక్కడి కళ్యాణమండపాన్ని ఏళ్ళ తరబడి విప్పి పెట్టి, పునాది బాగుచేసి, తిరిగి నిలబెట్టగలిగారు. 2024 శివరాత్రికి దాన్ని మళ్ళీ తెరిచారు. విప్పి బిగించగలగడం మంచి సామానుకు గుర్తు అని పెద్దనాయిన అంటుంటాడు. ఎనిమిది వందల ఏళ్ళు దాటిన మంటపం ఆ పరీక్షలో పాసైంది.

రామప్ప గుడి సంగతి ఇంకో రకం. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడు, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది, నీళ్ళలో తేలే ఇటుకలు, ఇసుక పునాది, ఇవన్నీ పిల్లల క్విజ్ పుస్తకాల్లో కూడా ఉన్నాయి. నన్ను పట్టుకున్నది మాత్రం గుడి పేరు. కట్టించిన సేనాని పేరు శాసనంలో ఉంది. జనం నోట మాత్రం చెక్కిన శిల్పి పేరని చెప్పుకునే రామప్ప నిలిచింది. పనిచేసినవాడి పేరుతో పిలిచే గుడి ఎన్నిచోట్ల ఉంటుంది? ఈ మాట పక్కన పెట్టుకోండి, మళ్ళీ దీనితో పని పడుతుంది.

రాజుల సంగతి అట్లా ఉంచి మామూలు ఇళ్ళల్లోకి వద్దాం. మన ఇళ్ళల్లో సామాను ఎప్పుడు, ఎవరి దగ్గర నుంచి వచ్చిందో మాటలే చెబుతాయి. మంచం, పీట సంస్కృతం నుంచి వచ్చినవి. కుర్చీ అరబ్బీ మాట. అల్మారా పోర్చుగీసువాళ్ళది. మేజా పర్షియన్‌దో పోర్చుగీసుదో, ఇద్దరూ మాదంటే మాదంటారు. సోఫా మళ్ళీ అరబ్బీ. బీరువా ఫ్రెంచివాళ్ళ బ్యూరో నుంచి వచ్చిందంటారు. అచ్చంగా మనదనుకునే బల్ల ఒకటి మిగిలింది. దీనర్థం మనకు చెక్కపని రాదని కాదు, మనం నేల మీద బతికిన మనుషులం. తినడం, కూరగాయలు తరగడం, పత్తి ఏకడం, పురిటి స్నానం, అన్నీ నేల మీదో పీట మీదో. మాటలన్నీ బయటి నుంచే వచ్చాయని బాధపడేవాళ్ళకు ఒక ఊరట. ఇంగ్లీషువాళ్ళ టీక్ పోర్చుగీసు మీదుగా పోయిన మలయాళం మాట. మన టేకుకు చుట్టమే. సామాను పేర్లు వాళ్ళు ఇచ్చారు, కొయ్య పేరు మన దిక్కు నుంచి పోయింది.

నేల మీద బతికిన ఇళ్ళల్లో కుర్చీ అంటే కూర్చునే వస్తువు మాత్రమే కాదు. ఒక హద్దు. ఊళ్ళో కుర్చీ ఉన్న ఇళ్ళు రెండో మూడో. దానిమీద కూర్చునేది పెద్దమనుషులు. కోడలు మంచం మీద కూర్చుంటే తప్పు, మామ వస్తుంటే లేచి నిలబడకపోతే ఇంకా తప్పు. మా అత్తమ్మ పెళ్ళయిన పదేళ్ళ దాకా ఇంట్లో మగవాళ్ళ ముందు పీట మీద కూడా కూర్చోలేదట. ఆమెకు దక్కిన కొయ్య వస్తువులు వేరే. కవ్వం, తెడ్డు, రోకలి, కత్తిపీట, పప్పుగుత్తి. వీటిని ఎవరూ ఫర్నిచర్ అనరు. కానీ చేసిన చెయ్యి అదే వడ్లాయనది. నాగలికి తుమ్మ, రోకలికి చండ్ర, దూలానికి నల్లమద్ది, తలుపుకు టేకు, పిల్లల బొమ్మలకు పొనికి. ఏ పనికి ఏ కొయ్య అన్నది పిల్లల పేర్లు చెప్పినంత సులువుగా చెప్పేవాళ్ళు.

ఈ పనికి కూలి ఎట్లా ఇచ్చేవాళ్ళు? రైతు ఇంటికి కావలసిన నాగళ్ళూ గుంటకలూ ఏడాది పొడుగునా చేసి, బాగుచేసి పెడితే కల్లం మీద ఇన్ని కుంచాల వడ్లో జొన్నలో ఇచ్చేవాళ్ళు. దాన్ని మేర అంటారు. పంట పండిన ఏడు మేర వచ్చేది, ఎండిన ఏడు వడ్లాయన కూడా ఎండేవాడు. అయినా అదొక లెక్క, ఇద్దరికీ తెలిసిన లెక్క. దొర గడీ దగ్గరికి వచ్చేసరికి ఆ లెక్క లేదు.

మన జనగామ దిక్కు, నల్గొండ దిక్కు ఊళ్ళల్లో గడీలు ఇంకా కొన్ని నిలబడి ఉన్నాయి. రెండు మనుషుల ఎత్తు తలుపులు, చెక్కిన దర్వాజలు, నిలువెత్తు టేకు స్తంభాలు. ఇప్పుడవి సినిమా షూటింగులకు, పెళ్ళి ఫొటోలకు బాగా పనికొస్తున్నాయి. పోయినేడు ఒకటి చూడటానికి మావారు, నేను, పెద్దనాయిన కలిసి పోయాం. నేను తలుపు పలకల మీద చెయ్యి పెట్టి చూస్తున్నాను. చట్రానికి లోపల గాడి తీసి, పలకను ఆ గాడిలో వదులుగా కూర్చోబెట్టారు, ఎక్కడా మేకుతో బిగించలేదు. ఎందుకంటే కొయ్య పొడుగునా దాదాపు మారదు గానీ అడ్డంగా వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం కుంచించుకుపోతుంది. పలకను బిగగట్టితే రెండు వానలకు పగులుతుంది. వదులుగా ఉంటే గాడిలోనే ఊపిరి తీసుకుంటుంది. ఆ తలుపుకు ఒక్క పగులు లేదు. అబ్బ, ఎంత చక్కగా చేశాడు అన్నాను. పెద్దనాయిన తలుపు మొహం చూడలేదు. "మా నాయిన ఇసొంటి తలుపు కాడ ఆరు నెలలు పనిజేసిండు బిడ్డా. ఒక్క పైస సూడలె. పొద్దుగూకినంక ఇంటికొచ్చి మనోళ్ళ నాగండ్లు చెక్కెటోడు, గవ్విటితోని మా కడుపులు నిండేటియి" అన్నాడు.

వెట్టి అనే మాట మనం పాఠాల్లో చదువుకున్నాం. పుచ్చలపల్లి సుందరయ్య గారు 1972లో రాసిన తెలంగాణ పోరాట చరిత్రలో ఏ కులం వాళ్ళు దొరకు ఏ పని ఊరికే చేయాలో వివరంగా ఉంటుంది. వడ్ల, కమ్మరి వాళ్ళు పనిముట్లు చేసిపెట్టాలి. చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ, ఎవరి వంతు వాళ్ళకుంది. ఆడవాళ్ళ వంతూ ఉంది. అందులోనే ఇంకో సంగతి కూడా ఉంది. దొరల ఆడపిల్లలకు పెళ్ళి చేసి పంపేటప్పుడు సామానుతో పాటు దాసీపిల్లలను కూడా పంపేవాళ్ళు. ఆడబాప అనేది ఆ పిల్లలకు పెట్టిన పేరు. పందిరిమంచం, సందుగ, ఇత్తడి బిందెలు, ఒక ఆడపిల్ల. అన్నీ ఒకే పద్దు కింద. ఆ పెళ్ళి సందుగలే ఇప్పుడు నగరంలో పాత సామాన్ల షాపుల్లో పాలిష్ పెట్టి అమ్ముతున్నారు. ధర చీటీ మీద కొయ్య రకం రాస్తారు, వయసు రాస్తారు. దానితో పాటు పంపిన పిల్ల ఏమైందన్నది ఏ చీటీలో ఉంటుంది?

పోరాటంలో ఉన్న ఆడవాళ్ళ మాటలను వాళ్ళ నోటితోనే చెప్పించిన "మనకు తెలియని మన చరిత్ర" 1986లో వచ్చింది. స్త్రీ శక్తి సంఘటన వాళ్ళు చేసిన పని. ఇంకా చదవనివాళ్ళు ఉంటే ఇంటి పనులు రెండు రోజులు పక్కన పెట్టి అయినా చదవండి. చరిత్రను వంటింటి గొంతుతో వినడం ఎట్లా ఉంటుందో తెలుస్తుంది.

ఇదంతా నా ఇంటికి ఎట్లా వచ్చిందో చెప్పాలి. పరకాల దగ్గర ఊళ్ళో మా అమ్మగారి పాత ఇల్లు ఉంది. పెంకుటిల్లు. ఈ ఏడు మా తమ్ముడు దాన్ని తీసి కొత్తది కడుతున్నాడు. దానికున్న పెద్ద దర్వాజ, రెండు తలుపుల కోసం పాత చెక్క కొనే ఒకాయన వచ్చి 18,000 ఇస్తానన్నాడు. తమ్ముడు ఫోన్ చేసి, "అక్కా, నీకు గీ కట్టె పిచ్చి గదా, ఒకసారి చూసి చెప్పు, ఇయ్యాల్నా వద్దా" అన్నాడు. పెద్దనాయినను తీసుకుని పోయాను.

దర్వాజ పై కమ్మీ మీద పూలతీగ మధ్యలో 1355 అని అంకెలు చెక్కి ఉన్నాయి. మా ఇంట్లో ఎవరూ వాటిని పట్టించుకోలేదు. ఇంటి నంబరని కొందరు, వడ్లాయన కొలత అని కొందరు. అది ఫసలీ సంవత్సరం. నిజాం సర్కారులో లెక్కలన్నీ ఫసలీలోనే నడిచేవి. దానికి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. 1355 అంటే 1945 అక్టోబరు నుంచి 1946 అక్టోబరు దాకా. 1946 జూలై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు కాల్చిన కాల్పుల్లో దొడ్డి కొమురయ్య చనిపోయాడు. ఆ ఏడే మా గడపకు పూలతీగ చెక్కారు.

మేము దొరలం కాదు. మా తాత పట్వారీ దగ్గర లెక్కలు రాసే మనిషి. కానీ ఆ రోజుల్లో పట్వారీ దగ్గర రాసే మనిషి మాట కూడా ఊళ్ళో చెల్లేది. పెద్దనాయిన దర్వాజను జేనలతో కొలిచి, తీగ మలుపులు లెక్కపెట్టి, "ఒక్కని పనైతే నలబై దినాలకు తక్కువ గాదు" అన్నాడు. ఆ రాత్రి అమ్మను అడిగాను, "ఈ దర్వాజకు కూలి ఇచ్చిన్రా అమ్మా?" అని. అమ్మకు ఎనభై నడుస్తున్నాయి. అప్పటికి ఇంకా చిన్నపిల్ల, పైగా ఇది ఆమె అత్తిల్లు. కొంతసేపు ఆలోచించి, "మేర వడ్లు పోసేటోళ్ళమని మా అత్త చెప్పేది. దర్వాజకు ఏమిచ్చిన్రో నన్ను ఎవలు అడిగిన్రు, నేనెవలను అడుగుత?" అంది. తర్వాత గోడ వైపు తిరిగి పడుకుంది. తమ్ముడికి నా ప్రశ్న నచ్చలేదు. "డెబ్బై ఎనిమిదేండ్ల కిందటి కూలి ఇప్పుడు ఎవలకియ్యాలె అక్కా?" అన్నాడు. చేసిన ఇల్లు ఊళ్ళో లేదు, ఎప్పుడో బతుకుతెరువుకు భీవండి పోయారట. తమ్ముడి మాట కొట్టిపారేసేది కాదు. అయినా అడగకుండా 18,000కి చేతులు దులుపుకోవడం నాకు ఇష్టం లేకపోయింది.

ఇక మన కాలం సామాను గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. గోద్రెజ్ వాళ్ళు 1923లో ఇనుప బీరువాలు మొదలుపెట్టారు. అక్కడి నుంచి మెల్లగా సందుగ మూలకు పోయింది, పెళ్ళి సామాను అంటే మంచం, బీరువా, డ్రెస్సింగ్ టేబుల్ అయ్యాయి. 1961లో వరకట్న నిషేధ చట్టం వచ్చినా సామాను లారీ ఆగలేదు, దాన్ని కట్నం అనడం మాత్రం మానేశారు. ప్లైవుడ్, సన్‌మైకా వచ్చాక కొయ్య నార కూడా అచ్చువేసిన కాగితంలోనే కనపడుతోంది. 2018 ఆగస్టులో ఐకియా వాళ్ళు మన దేశంలో మొదటి షాపు హైదరాబాదులోనే తెరిచారు. డబ్బాలో ముక్కలు తెచ్చుకుని మనమే బిగించుకోవాలి. నాకు దాని మీద కోపమేమీ లేదు. ఇంట్లో కోడళ్ళు కూడా స్క్రూడ్రైవర్ పట్టుకుంటున్నారు, అది నయమే. కానీ రంపపు పొట్టు కరిపించి చేసిన బోర్డుకు నార ఉండదు. ఒకసారి స్క్రూ వదులైతే ఆ కన్నం మళ్ళీ పట్టదు. ఇల్లు మారినప్పుడల్లా బలహీనపడే సామాను అది. నులక మంచానికి సరిగ్గా తలకిందులు.

ఆడవాళ్ళు, ఉలి అనే విషయం మీద ఒక్క మాట. గాంధీ గారు 1910లో దక్షిణాఫ్రికాలో పెట్టిన టాల్‌స్టాయ్ ఫారంలో వడ్రంగం కూడా నేర్చుకున్నారు. 1937లో వార్ధాలో బుద్ధి, చెయ్యి కలిసి చదవాలని బేసిక్ విద్య ఆలోచన చేశారు. ఆ కమిటీకి పెద్ద మన హైదరాబాదులో పుట్టిన జాకిర్ హుసేన్ గారు. అంత మంచి ఆలోచన మేము చదివే నాటికి వారానికి ఒక్క క్రాఫ్ట్ పీరియడ్‌గా మిగిలింది. అందులోనూ ఆడపిల్లలకు కుట్టుపని, మగపిల్లలకు చెక్కపని. కొండపల్లి బొమ్మలు చూడండి, రంగులద్దే చేతుల్లో ఆడవాళ్ళవి ఎన్నో ఉంటాయి, బాడిస మాత్రం ఎక్కువగా మగవాళ్ళ చేతిలోనే. బరువు పని కాబట్టి అంటారు. రోకలి కన్నా, బావి నీళ్ళ బిందె కన్నా, ఎత్తుకున్న మూడేళ్ళ పిల్లవాడి కన్నా ఉలి బరువా? ఉలికి కావలసింది బలం కాదు, పదును. పదును పెట్టడం కత్తిపీటతో బతికిన మనకు కొత్త కాదు.

దర్వాజ అమ్మలేదు. తమ్ముడు కొత్త ఇంటి దేవుడి అర్రకు పెట్టుకుంటానన్నాడు. ఎత్తు తక్కువ, అందరూ తల వంచుకుని పోవాలి. అక్కడ అదే నయమని అమ్మ ఒప్పుకుంది. భీవండి పోయిన కుటుంబం ఫోన్ నంబరు ఊళ్ళోవాళ్ళను అడిగి కనుక్కునే పని కూడా తమ్ముడే పెట్టుకున్నాడు. దొరికితే ఏం మాట్లాడతాడో నాకు చెప్పలేదు, నేను అడగలేదు. మావారు మాత్రం, ముందు అంకెల సంగతి చెప్పు, అక్కడి నుంచి మాట అదే నడుస్తుంది అని సలహా ఇచ్చారు.

ఒక తలుపులో కింది పలకకు చెదలు పట్టింది. దాన్ని విప్పి హన్మకొండకు తెచ్చుకున్నాను. పలక రెండు మొహాలూ అద్దంలాగా చిత్రిక పట్టి ఉన్నాయి. గాడిలో దాగే అంచులకు మాత్రం పట్టలేదు. ఎవరూ చూడని ఆ అర అంగుళంలో బాడిస దెబ్బలు ఒకదాని పక్కన ఒకటి అట్లాగే ఉన్నాయి. వరసగా, ఒకే వాలుగా, ఎక్కడా తడబడకుండా. పెద్దనాయిన వేలితో తడిమి, "ఎడమచేతి వాటపోడు" అన్నాడు. అప్పటిదాకా 1355 తప్ప ఏ ఆనవాలూ లేని మనిషి గురించి మాకు తెలిసిన మొదటి సంగతి అది.

కొత్త పలక కోసం తెచ్చిన టేకు చెక్క వరండాలో నీడకు ఆరుతోంది. వానలు తగ్గాక కొలత తీద్దామన్నాడు పెద్దనాయిన, ఇప్పుడు తీస్తే ఉబ్బిన కొలత వస్తుందట. దసరాకు అవుతుందని తమ్ముడికి చెప్పాను.